వాగు అడుగున ఆల్చిప్పలు

మైసూరు రాష్ట్రానికి కర్ణాటక అని కొత్తగ పేరు పెట్టిన రోజులు. బీదర్ బజార్ల మా బాపుకు కిరాణా దుకాణం. నేను భూగోళంల ఎమ్మే జేసి పరిశోధనకు చేరిన. మన్నాఏఖేళ్ళి దిక్కు పారే ఒక చిన్న వాగు నా విషయం. ఒడ్ల మీద చెరుకు సాగు పెరిగినంక ఆ వాగుకు, అండ్ల బతికే చేపలకు ఏమైందో తేల్చాలె.

"ఆడపిల్లవు, వాగుల పొంట ఏం తిరుగుతవమ్మా? నక్షా చూసి రాయి, చాలు" అన్నడు మా గైడు సారు.

నక్షాల ఆ వాగు ఏడాదంత పారుతున్నట్టు నీలిగీత ఉన్నది. ఎండాకాలం నేను పోయి చూస్తే తడి గూడ లేదు. ఒడ్డుకు ఆనించి చెరుకు, నీళ్లు తోడే ఇంజన్లు.

ఒకప్పుడు ఆ వాగుల చేపలు పట్టి అమ్మిన ముసలామె వాగు పక్క ఊర్ల ఉన్నదంటే, ఆమెను వెంటబెట్టుకొని నడిచిన.

"ఈడ మడుగు ఉండె బిడ్డా. ఎండల గూడ నడుము లోతు. కొర్రమీన్లు ఈడనే దాగేటివి" అని కట్టెతోని పొడిచి చెప్పింది. అట్ల ఏడు జాగలు చూపెట్టింది.

"మా చేన్ల మీకేం పని?" అని ఒక ఆసామి అడ్డమొచ్చిండు.

"చేను మీది మామా, వాగు మీది కాదు" అన్న. గొణుక్కుంట తొవ్వ ఇడిచిండు.

ఆమె చెప్పిందంత ఒక అధ్యాయం రాసి సారుకు ఇచ్చిన.

"చదువురాని ముసలామె మాట రుజువెట్లయితది? తీసెయ్. లేకుంటే సంతకం పెట్ట."

"తియ్య సార్" అని లేచొచ్చిన. బస్సుల ఏడుపొచ్చింది. "పెద్దోళ్లతోని జిద్దెందుకు బిడ్డా?" అన్నడు బాపు. మరునాడు ఆయన దుకాణంల గడ్డపారే తీసుకొని మళ్ల వాగుకు పోయిన.

మొదటి జాగల మోకాలు లోతు తవ్వితే ఇసుక కింద నల్లటి బురదమన్ను, అండ్ల ఆల్చిప్పలు. నీళ్లు నిలువని తాన ఆల్చిప్ప బతుకది. చేతులు బొబ్బలెక్కినయ్. నాలుగు రోజులు తవ్విన. ఏడింట్ల అయిదు జాగలల్ల దొరికినయ్, రెంట్ల దొరకలె. అది గూడ రాసుకున్న. ఆమె చూపెట్టని జాగలు గూడ తవ్వి చూసిన. ఉత్త మొరమే, ఒక్క ఆల్చిప్ప లేదు.

ఆల్చిప్పల సంచి సారు టేబుల్ మీద కుమ్మరించిన. కాయిదాల మీద మట్టి రాలింది. సారు ఒక్కొక్కటి తిప్పి తిప్పి చూసిండు.

"సరే, ఉండనియ్. కాని ఆమె పేరెందుకు? ఒక గ్రామస్థురాలు అని రాయి."

"పుస్తకాలు రాసినోళ్ల పేర్లు పెడుతున్నం గద సార్. ఆమె పేరు గూడ ఉంటది."

ఉన్నది. పరిశోధన పట్టా వచ్చినంక పోయి ఆ పేజీ చూపెట్టిన. ఆమె నవ్వి, "పేరు సరే బిడ్డా, వాగుల నీళ్లెప్పుడొస్తయ్?" అనడిగింది.

ఆడనే కూసొని, వాగు నీళ్లు తోడే ఇంజన్లు ఆపాలని కలెక్టరు దఫ్తరుకు అర్జీ రాసిన. మొదటి వేలిముద్ర ఆమెదే. అర్జీకి పెట్టే పైసలు దండుగ, నీళ్లు రావు అని ఊరోళ్లు నవ్విండ్రు. నవ్వనీ అని వేలిముద్రల కోసం ఇంటింటికి తిరిగిన.