గుండె చప్పుడు విన్న టీచరుగారు

పాలకొల్లులో మాకు తొమ్మిదో తరగతిలో జీవశాస్త్రం చెప్పిన టీచరుగారు గుండె పాఠం రోజున ఒక గరాటుకి రబ్బరు గొట్టం తగిలించి తెచ్చారు. బోర్డు మీద నాలుగు గదులు గీసి, రక్తం ఎటునుంచి ఎటు వెళ్తుందో చూపించి, ఆ తర్వాత ఒక్కొక్కరి గుండెనీ కళ్ళు మూసుకుని విన్నారు. అందరినీ "భేష్" అని పంపేశారు. నా దగ్గర మాత్రం చాలాసేపు ఆగిపోయారు.

ఆ సాయంత్రమే మా ఇంటికొచ్చి, "పాపని కాకినాడ తీసుకెళ్ళి గుండె డాక్టరుకి చూపించండి. ఆలస్యం చెయ్యకండి" అని అమ్మతో చెప్పారు. అక్కడ నా గుండె పై గదుల మధ్య రంధ్రం ఉందని తేలింది. ఆపరేషన్ చేసి మూశారు.

నాకు నర్సు ఉద్యోగం వచ్చాక పూతరేకులు పట్టుకుని ఆవిడ ఇంటికి వెళ్ళాను.

"ఆ రోజు మీరు విన్నారు కాబట్టే బతికానండీ."

ఆవిడ ఇబ్బందిగా నవ్వారు. "నాకు అప్పటికే చెవులు సరిగా వినబడేవి కాదమ్మా. ఆ గొట్టంలో ఎవరి గుండే వినబడలేదు. పిల్లలు సరదా పడతారని తెచ్చానంతే."

"మరి నా సంగతి ఎలా తెలిసిందండీ?"

"ఏంటో, అదే నాకూ అంతుపట్టదమ్మా. నువ్వెళ్ళి కూర్చున్నాక ఇంక పాఠం చెప్పబుద్ధి కాలేదు."

ఇప్పుడు రోజూ ఎందరివో గుండె చప్పుళ్ళు వింటున్నాను. ఆవిడకి ఆ రోజు ఏం తెలిసిందో మాత్రం ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.