బ్రేకుల్లేని సైకిలు, మామ చెప్పులు

కొండాపూర్‌లో మా అపార్ట్‌మెంటు వాళ్లకు ఈమధ్య సైకిలు పిచ్చి పట్టింది. ఆదివారం తెల్లారేసరికి తలకో డొప్ప తగిలించుకుని రాయదుర్గం మెట్రో దాకా పోయి, ఇడ్లీలు తిని వస్తారు. వాళ్ల సావనీరుకు సైకిళ్ల తొలినాళ్ల గురించి ఒక పేజీ రాయమని, రిటైరైన టీచరమ్మను కదా, నా నెత్తిన పెట్టారు. సరేనని పుస్తకం ముందేసుకున్నాను. మొట్టమొదటి సైకిళ్లకు పెడళ్లే లేవట, కాళ్లతో నేలను తన్నుకుంటూ పోవాలట. తర్వాత పెడళ్లొచ్చాయి, ముందుచక్రం మనిషంత ఎత్తు పెరిగింది, వాలు దిగుతూ పడితే తలే పగిలేదట. అక్కడికొచ్చేసరికి నా అరచేతులకు చెమట పట్టింది. అరవై దాటిన మనిషిని, ఫ్యాను కింద కుర్చీలో కూర్చున్నదాన్ని! నవ్వితే నవ్వండి.

నాకప్పుడు ఎనిమిదేళ్లు. సెలవులయ్యాక మా మేనమామ నన్ను ఇక్కడి తన ఇంటి నుంచి సైకిలు మీద హఫీజ్‌పేట్ స్టేషన్‌కు తీసుకుపోతున్నాడు, రైల్లో వెంట వచ్చి అమ్మకు అప్పగించాలి. అప్పుడీ అద్దాల మేడలెక్కడివి? రాళ్లగుట్టలు, సీతాఫలం చెట్లు, మట్టిబాట. మామ సైకిలుకు బ్రేకులు ఏనాడో ఊడిపోయాయి. ఆపాలంటే కుడికాలి చెప్పుతో ముందు టైరును అదిమేవాడు. గుర్రుమని చప్పుడు, కాలిన రబ్బరు వాసన. ఆ వాసన వస్తే చాలు, ఆగుతామని నాకు ధైర్యం. ఆరోజు గుట్ట ఎక్కలేక దిగి నడుస్తుంటే నా చెప్పు తెగింది. నేల పెనంలా కాలుతోంది. మామ తన చెప్పులు విప్పి నాకు తొడిగాడు. పైకి చేరాక నన్ను ముందు రాడ్డు మీద కూర్చోబెట్టి సైకిలు వదిలాడు. చెప్పుల సంగతి ఇద్దరికీ గుర్తే లేదు.

సగం దిగాక చూస్తే, కింద రైలుగేటు వేసి ఉంది. గూడ్సు కూత వినబడుతోంది. సైకిలు వేగం పెరుగుతోంది గానీ టైరు చప్పుడు లేదు, వాసన లేదు. "మామా, ఆపు! చెప్పు పెట్టు మామా!" అని అరిచాను.

"చెప్పులు నీ కాళ్లకున్నయి బిడ్డా," అన్నాడు. ఎప్పుడూ నవ్వించే మనిషి గొంతు వణకడం అదే మొదటిసారి విన్నాను. "హ్యాండిల్ గట్టిగ పట్టుకో. కండ్లు మూసుకో."

మూసుకున్నాను. మామ పళ్లు కొరుకుతున్న చప్పుడు నా చెవి పక్కనే. తెరిచేసరికి గేటుకు జానెడు దూరంలో ఆగి ఉన్నాం, కళ్లముందు నుంచి గూడ్సు పెట్టెలు పోతున్నాయి. మామ అరికాలు చర్మం లేచిపోయింది, టైరంతా నెత్తురు. "మీ అమ్మ చెవిల పడొద్దు, సైకిల్ అమ్మిపిస్తది," అన్నాడు తువ్వాలు చించి కట్టుకుంటూ. ఏడుస్తూ చెప్పులు విప్పివ్వబోతే, "ఉండనీ, నీకు కాలుతది," అన్నాడు. అమ్మ అడిగితే ముల్లు గుచ్చుకుందన్నాడు. నేనూ అవునని తలూపాను.

సావనీరుకు పేజీ రాసిచ్చాను, అందులో ఇదేమీ లేదు. కారులో ఫ్లైఓవర్ దిగుతుంటే నా కుడికాలు ఇప్పటికీ దానంతటదే కింద అదుముతుంది. మామ పోయాడు, అమ్మా పోయింది. ఆ సంగతి దాచమన్న మనిషినీ, ఎవరి దగ్గర దాచామో ఆ మనిషినీ కాలం తీసుకుపోయింది, ఆ గుట్ట దిగిన భయాన్ని మాత్రం నా దగ్గరే వదిలేసింది.