డ్రిల్లు టీచరమ్మ, రబ్బరు కత్తులు

డ్రిల్లు టీచరమ్మకు కోపం ముక్కు మీదే ఉంటుందని అందరూ అంటారు. దాన్ని అక్కడికి ఎక్కించేవాళ్ల గురించి మాత్రం ఒక్కరూ అనరు.

ముప్పై ఏళ్లు బడిలో పిల్లల్ని పరుగులు తీయించి రిటైరైన మనిషి ఆవిడ. కరాటేలో బ్లాక్ బెల్టు ఉంది, రెండు మోకాళ్లలోనూ నొప్పి ఉంది. ఆ ఏడాది బస్సు డిపోలో ఒక లేడీ కండక్టరు మెడ మీద ఎవడో కత్తి పెట్టి సంచి లాక్కుపోయాడు. ఆ వారమే డిపోలోని ఆడవాళ్లంతా కలిసి వచ్చి, "మాకూ నాలుగు పట్లు నేర్పండి టీచరమ్మా" అని అడిగారు. కాదనలేకపోయింది.

నేర్పడానికి ఆవిడ వెనకాడలేదు. సామాను తెప్పించేసరికే తల ప్రాణం తోకకు వచ్చింది. డిపోలో స్టోర్‌కీపరు స్వయానా ఆవిడ మరిది.

మొన మొద్దుగా ఉండే రబ్బరు కత్తులు ఎనిమిది, కళ్లకు గాగుల్స్, ముంజేతులకు మెత్తటి తొడుగులు కావాలని పెద్ద పెద్ద అక్షరాలతో రాసిచ్చింది. పది రోజులకు పెట్టె వచ్చింది. విప్పి చూస్తే తళతళలాడే స్టీలు కత్తులు.

"ఇవేంటయ్యా?"

"పదును లేదు వదినా, వేలు పెట్టి చూసుకో. అసలుదానిలా ఉంటేనే కదా వాళ్లకు భయం పోయేది!"

ఆవిడ ఒకటి తీసి, అవి వచ్చిన అట్టపెట్టెలోకే పొడిచింది. పిడి దాకా దిగిపోయింది.

"పదును లేదు, సరే. మొన ఎక్కడికి పోయింది?"

రెండోసారి వచ్చినవి పిల్లలు ఆడుకునేవి. నొక్కితే ఎర్ర లైటు వెలిగి కుయ్యోమంటాయి. కండక్టర్లు పొట్టలు పట్టుకుని నవ్వారు. మూడోసారి గట్టి ప్లాస్టిక్‌వి వచ్చాయి. ఆవిడ ఒకదాన్ని రెండు చేతులా పట్టుకుని వంచితే పుటుక్కున విరిగి, ఆ అంచు బొటనవేలిని కోసింది.

"అంత గట్టిగా వంచితే విరగదా మరి?" అన్నాడు మరిది.

"మీదికి దూకేవాడు నెమ్మదిగా వంచుతాడా నాయనా?" అంది ఆవిడ వేలు నోట్లో పెట్టుకుని.

ఇక లాభం లేదని మర్నాడు అతన్ని వెంటబెట్టుకుని తనే దుకాణానికి వెళ్లింది. దుకాణదారు ముందుగా ఒక పెద్ద హెల్మెట్ తీశాడు. "ఇది పెట్టుకుంటే ఏనుగు తొక్కినా ఏం కాదమ్మా!"

"మా బస్సుల్లో ఏనుగులు ఎక్కవు బాబూ. కత్తులు చూపించు."

ఒకటి మరీ మెత్తన, పట్టుకుంటే వాడిన తోటకూర కాడలా వేలాడింది. ఇంకోదాని అంచున అచ్చు పోసినప్పటి గీత పొడుచుకొచ్చి ఉంది, గీరుకుంటుంది. ప్రతిదాని మొననూ అరచేతిలో, ఆ తర్వాత తొడ మీద గుచ్చి చూసుకుంది. చివరికి నిటారుగా నిలబడుతూనే గట్టిగా నొక్కితే వంగే రకం, బొటనవేలంత లావు మొన ఉన్నది దొరికింది. గాగుల్స్ పెట్టుకుని తల విదిలించి, కిందికి జారనివే తీసుకుంది. ఇదంతా అయ్యేసరికి మరిది నాలుగుసార్లు ఆవులించాడు.

"బొమ్మ కత్తికి ఇంత పెళ్లిచూపులా వదినా?"

ఆవిడ ఎంచుకున్నవన్నీ సంచిలో సర్దుకుంది. నోరు విప్పి ఉంటే దుకాణం ఎగిరిపోయేది.

డిపో విశ్రాంతి గదిలో బెంచీలు గోడకు జరిపి క్లాసు మొదలుపెట్టారు. అక్కడ ఇంకో తలనొప్పి. ఊదితే రెండు స్టాపుల అవతలికి వినబడుతుందని అందరూ విజిల్ అని పిలిచే కండక్టరు, గాగుల్స్ నుదుటి మీదికి తోసేసింది.

"చెమటకి ఏమీ కనబడట్లేదు టీచరమ్మా. రబ్బరుదేగా!"

"గాగుల్స్ పెట్టుకోనివాళ్లు బెంచీ మీద కూర్చోండి. అంతే."

నెలంతా అదే మాట చెప్పీ చెప్పీ ఆవిడ గొంతు బొంగురుపోయింది. ఒకరోజు పట్టు చూపించడానికి మరిదిని దొంగగా నిలబెట్టింది. వెనక వరసలో ఎవరి చెయ్యి ఎలా ఉందో సరిగ్గా కనబడక, గాగుల్స్ పైకెత్తి అటు తిరిగింది. తయారైందనుకుని అతను ముందుకు ఉరికాడు. కత్తి మొన సరిగ్గా కంటి కింద ఎముక మీద తగిలింది.

ఆవిడ చెంప చూస్తుండగానే ఉబ్బింది. విజిల్ వచ్చి చెయ్యి పట్టుకుని నడిపించింది.

"బెంచీ మీద కూర్చోండి టీచరమ్మా. అంతే."

ఆవిడకు ఒళ్లు మండిపోయింది. తిట్టడానికి తను తప్ప మనిషి దొరకలేదు. తడిగుడ్డ అద్దుకుంటూ క్లాసు అయ్యేదాకా అక్కడే కూర్చుంది. మరిది పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"వదినా, నేను మొదట తెచ్చిన ఆ స్టీలుదే గనక అయ్యుంటే..."

"అనకు" అంది ఆవిడ మెల్లగా. "మంచినీళ్లు తీసుకురా, పో."

కంటికి ఏమీ కాలేదు, కమిలిన మచ్చ రెండు వారాలుంది. మరిదికి మాత్రం కొత్త పిచ్చి పట్టింది. ఛాతీ కవచాలు, మోకాలి తొడుగులు, మెడపట్టీలు, దుకాణదారు పొగిడిన ఆ ఏనుగు హెల్మెట్ కూడా తెచ్చి అందరికీ తొడిగించాడు. కండక్టర్లు కొయ్యబొమ్మల్లా బిగుసుకుపోయి, ఒకరినొకరు గుద్దుకోవడం మొదలుపెట్టారు.

"ముందు వాళ్ల చేతులు కదలనియ్యవయ్యా!" అని ఆవిడ నెత్తి కొట్టుకుని, సగం సామాను తిరిగి స్టోరుకు మోయించింది.

ఆ బ్యాచ్‌లో పందొమ్మిది మంది పూర్తిచేశారు. రెండో బ్యాచ్‌కి ఇప్పుడు విజిలే నేర్పుతోంది. టీచరమ్మ మోకాళ్లకు నూనె రాసుకుంటూ పక్కన కూర్చుని, ఆ పిల్ల పట్టులో తప్పులు ఏరుతోంది.