ఎవలి బిడ్డవే?

నిన్న పొద్దున ఇల్లు చూపిస్తానన్న బ్రోకరు కోసం గోదావరిఖని బజారులో ఒక చాయ్ బండి పక్కన నిలబడి ఉంటే, బండాయన పొయ్యిలో పచ్చి బొగ్గు వేసి అంటించాడు. ఘాటు పొగ నేలబారుగా పాకి మా కాళ్ల దగ్గరికి వచ్చింది. గ్యాసు పొయ్యి తప్ప మరొకటి ఎరగని నా కూతురు బ్లెస్సీ ముక్కు మూసుకుని అటు తిరిగింది. నేను మాత్రం సిగ్గు లేకుండా గుండెల నిండా పీల్చాను. మా వాడలో సాయంత్రం కాగానే ప్రతి ఇంటి ముందూ పచ్చి బొగ్గు కుప్ప పోసి, పొగ చచ్చేదాకా కాల్చి, నీళ్లు చల్లి ఆర్పి, మరునాటి వంటకు దాచుకునేవారు. ఆ వాసన తగిలితే చాలు, అమ్మ డ్యూటీ నుంచి వచ్చే వేళయిందని నాకు తెలిసిపోయేది.

బ్యాంకు బదిలీ పుణ్యమా అని ముప్పై ఏళ్లకు పుట్టిన ఊరికి వచ్చాను. మా ఆయనకు గోలేటిలో డ్యూటీ, వారానికోసారి వస్తారు. బ్లెస్సీకి తొమ్మిదేళ్లు. బడి నాలుగింటికి వదిలితే నేను ఇల్లు చేరేసరికి ఆరున్నర. ఆ రెండున్నర గంటలు పిల్ల ఒక్కతే ఎక్కడ భయం లేకుండా ఉంటుందన్నదే నా ఫికరంతా. గనులు కొన్ని మూతపడి, జనం తలో దిక్కూ పోయి, సగం షట్టర్లు తుప్పు పట్టిన ఊరు ఇప్పుడు మళ్లీ ముస్తాబవుతోంది. రోడ్డు నడుమ పూలమొక్కలు, స్తంభానికో రంగు దీపం, పాత గోడలకు కొత్త బొమ్మలు. ఏ వాడ మంచిదని అడిగితే మాత్రం ఎవరి వాడ పేరు వాళ్లు చెప్పి, పక్క వాడ పేరు ఎత్తగానే మూతి విరుస్తున్నారు.

సరిగ్గా ఇదే ఫికరు మా అమ్మకూ ఉండేది. నాన్న భూగర్భ గనిలో పనిచేసేవాడు. మొదట్లో మేం రోడ్డు పక్క గుడిసెల్లో ఉండేవాళ్లం. అమ్మకు కంపెనీ దవాఖానలో ఆయమ్మ పని దొరికినప్పుడు సంతోషంకన్నా ముందు నా గురించిన దిగులే వచ్చిందట. క్వార్టరు ఇస్తామన్నారు, మూడు లైన్లలో ఖాళీలున్నాయి, చూసుకొమ్మన్నారు. అందరూ గోడలు చూస్తారు, నల్లా చూస్తారు, కప్పు కారుతుందేమో చూస్తారు. అమ్మ ఆ జోలికే పోలేదు. ఒక్కో లైనుకు నన్ను తీసుకుపోయి, లైను మొదట్లో ఎవరిదో ఇంటి ముందున్న గద్దె మీద కూర్చోబెట్టి, "ఎవలన్న అడిగితే నా పేరు చెప్పు, అడగకపోతే ఊకో, నేను గీడనే ఉంట" అని చెప్పి నీళ్ల ట్యాంకు చాటునో, గోడ చాటునో నిలబడేది.

మొదటి లైను చూడముచ్చటగా ఉంది. సున్నం వేసిన గోడలు, గుమ్మాల మీదికి పాకిన మల్లెతీగలు. నేను కూర్చుని ఐదు రాళ్లు ఏరుకుని కచ్చకాయలు ఆడాను, ఆట అయిపోయింది, మళ్లీ ఆడాను. జనం వస్తున్నారు, పోతున్నారు, ఒక్కరూ నా వైపు చూడలేదు. అమ్మ వచ్చి చేయి పట్టుకుని, "మనకొద్దీ లైను" అంది. నాకు ఏడుపొచ్చింది, ఆ మల్లెల మీద మనసు పడింది మరి. రెండో లైనులో ఒకాయన బయటికొచ్చి ఇక్కడ కూర్చోవద్దని లేపేశాడు. అదీ వద్దంది.

మూడో లైను అన్నిటికన్నా అధ్వానం. విరిగిన నల్లా చుట్టూ బురద, గోడలన్నీ మసి, కప్పు మీద ఇటుకలు పెట్టిన రేకులు. నేను గద్దె మీద ఇంకా సర్దుకోనేలేదు, చేతిలో చాటతో ఒక ముసలమ్మ వచ్చి నా ముందు నిలబడింది.

"ఎవలి బిడ్డవే?"

"రూతమ్మ బిడ్డను."

"ఏ రూతమ్మ? ఏడుంటది? నీళ్లు తాగుతవా?"

నేను ఒకదానికి జవాబు చెప్పేలోగా ఎదురింటి నుంచి ఇంకొకామె అడిగింది. షిఫ్టు దిగి వస్తున్న ఒకాయన, ముఖమంతా బొగ్గు, కళ్లు మాత్రమే తెల్లగా, సైకిలు ఆపి, "ఎవల పిల్లనే గీమె?" అని ఊరంతా వినపడేలా కేకేశాడు. అమ్మ చాటు నుంచి బయటికి వచ్చేసరికి నా ఒళ్లో గిన్నెడు ఉడికిన మక్క గుడాలున్నాయి, చుట్టూ ఆరుగురున్నారు. ఆ ముసలమ్మ లచ్చవ్వ. అమ్మను చూడగానే చాట కింద పడేసి, "పిల్లను గిట్ల ఇడిసిపెట్టి ఏడికి పోయినవే? బుద్ధి ఉన్నదా నీకు? ఏమన్నయితే?" అని కడిగేసింది. అన్ని తిట్లూ తింటూ అమ్మ నవ్వుతూ నిలబడింది. ఆ లైనులోనే దిగాం.

ఆ లైనులో నేను ఎప్పుడూ ఒంటరిగా లేను. కావాలన్నా కుదిరేది కాదు. ఎండాకాలం మధ్యాహ్నాలు తలుపులు బార్లా తీసి తడి గోనెలు కట్టుకుని అందరూ నేల మీద పడుకుంటే, మేం పిల్లలం చింతగింజలతో అష్టాచెమ్మ ఆడుతూ ఏ ఇంట్లో దాహమేస్తే ఆ ఇంటి కుండలో నీళ్లు ముంచుకునేవాళ్లం. వానలు పడితే పొయ్యి మీది పెంకల్లో కాలే సర్వపిండి వాసన లైను ఈ కొస నుంచి ఆ కొసకు నడిచేది. బతుకమ్మకు లచ్చవ్వ ఇచ్చిన సత్తుపిండి ముద్దలు నేను చర్చికి పోతూ దారిలో తినేదాన్ని; క్రిస్మస్‌కు మా ఇంట్లో సకినాలు చుట్టడానికి లైనులోని ఆడవాళ్లంతా వచ్చి, పిండి పలుచనైందని అమ్మను ఆటపట్టించేవారు. చిర్రగోనె ఆటలో నా మోచెయ్యి పగిలితే పసుపు పెట్టింది ఒకరు, కొట్టింది ఇంకొకరు, అమ్మకు చెప్పింది మరొకరు. చిన్నప్పుడు ఆ నిఘా నాకు ప్రాణసంకటంగా ఉండేది. ఇప్పుడు దాని కోసమే ఊరంతా తిరిగాను.

ఒక మధ్యాహ్నం వేళ కాని వేళ సైరన్ మోగింది. ఆగలేదు. లైనులోని ఆడవాళ్లు పొయ్యి మీది గిన్నెలు పొయ్యి మీదే వదిలి చెప్పుల్లేకుండా గని బాయి వైపు పరుగెత్తారు, అమ్మ దవాఖాన నుంచే అటు పోయింది. లచ్చవ్వ మమ్మల్నందరినీ తన ఒక్క గదిలోకి తోలి, పెద్ద గంజు నిండా అన్నం వండి, వరుసగా కూర్చోబెట్టి పెట్టింది. ఆ ఒక్క రోజే ఆమె ఎవరినీ ఎవరి బిడ్డవని అడగలేదు. బొగ్గు పొగ లేచే వేళకు నాన్న నడిచి వచ్చాడు, అందరి నాన్నలూ వచ్చారు. లచ్చవ్వ గోడకు చేరగిలబడి అప్పుడు ఏడ్చింది.

నిన్న బ్రోకరు మొదట ఒక కొత్త అపార్టుమెంటుకు తీసుకుపోయాడు. "గేటుకు రెండు కెమెరాలు, మెట్లకు నాలుగు మేడం. చీమ గూడ రాదు, ఫికరే లేదు" అన్నాడు. నాకేం తోచిందో, బ్లెస్సీని కింద ఫౌంటెన్ దగ్గర బల్ల మీద కూర్చోమని, నేను కార్ల వెనక నిలబడ్డాను. చాలాసేపే నిలబడ్డాను. బయటికి పోయేవాళ్లు, లోపలికి వచ్చేవాళ్లు, అందరి కళ్లూ చేతుల్లోని ఫోన్ల మీదే. కెమెరాలు మాత్రం పిల్లను చూస్తూనే ఉన్నాయి. చివరికి వాచ్‌మన్ వచ్చి, "ఏ ఫ్లాటు?" అని అడిగాడు. మాకు ఫ్లాటు లేదు కదా, వచ్చేశాం.

దారిలో మా లైను చూపించమన్నాను. బ్రోకరు నవ్వాడు. అక్కడ ఓపెన్‌కాస్టు గని వచ్చి, తవ్విన మట్టి పోసి పోసి గుట్టయింది. గుట్ట మీద తుమ్మ మొలిచింది. లచ్చవ్వ గద్దె ఎంత లోతున ఉందో చెప్పేవాళ్లు లేరు. అమ్మ పోయి ఆరేళ్లయింది.

మధ్యాహ్నం దాటాక పాత బజారు వెనక ఒక సందులో మేడ మీద రెండు గదులు చూశాం. గోడ పెచ్చులూడింది. కింద గడపలో బియ్యం ఏరుతున్న ఒక అవ్వ కనిపించింది. బ్లెస్సీని మెట్ల మీద కూర్చోబెట్టి నేను మలుపు తిరిగి నిలబడ్డానో లేదో, వినపడింది.

"ఎవలి బిడ్డవే?"

మలుపు దగ్గరి నుంచి తొంగి చూశాను. అవ్వ మళ్లీ అడిగింది. బ్లెస్సీ బ్యాగు గట్టిగా పట్టుకుని గోడవైపు జరిగింది. ఎంత చక్కగా జరిగిందో, నేను నేర్పినట్టే. కొత్తవాళ్లు పేరడిగితే చెప్పకు, దగ్గరికి వస్తే పక్కకు పో అని బడిలో వేసిన రోజు నుంచీ నేనే కదా నేర్పింది.

నేను ముందుకొచ్చి, "రూతమ్మ మనవరాలు అవ్వా" అన్నాను. నోటికి అదే వచ్చింది.

"ఏ రూతమ్మ?"

"దవాఖానల ఆయమ్మగ చేసేది."

అవ్వ చాటలోంచి ఒక మట్టిగడ్డ ఏరి పారేసింది. "ఎరుకలేదు బిడ్డా" అంది. తర్వాత చాట పక్కన పెట్టి, "ఎవలైతేంది, పసిదాన్ని ఎండల కూసోవెట్టి దాక్కుంటవా? బుద్ధి ఉన్నదా నీకు?" అని మొదలుపెట్టింది. అమ్మ నవ్వినట్టు నవ్వుదామనుకున్నాను, నా వల్ల కాలేదు. కొంగుతో ముఖం తుడుచుకున్నాను. ఇల్లు ఖాయం చేసుకున్నాం.

తిరిగి వచ్చే బస్సులో బ్లెస్సీ అడిగింది. "చెప్పొద్దన్నవు కదమ్మా?"

"ఆ అవ్వ అడిగితే చెప్పు" అన్నాను.

"ఏమని చెప్పాలె?"

ఎవలి బిడ్డవే అన్న ప్రశ్నకు మా ఇంట్లో జవాబుగా ఉన్నది రూతమ్మ పేరొక్కటే, ఆ పేరు ఇప్పుడు ఈ ఊళ్లో ఎవరికీ తెలియదు.