చెక్కుబందీలో సెల్వమ్మ

మొన్న బీరువా అడుగు అర సర్దుతుంటే తగరపు డబ్బాలో ఎండిపోయిన సిరా ప్యాడు ఒకటి దొరికింది, వేలిముద్రలు వేయించేది. మూత తీయగానే ముక్కిపోయిన నూనెలాంటి వాసన. ఇప్పుడు మా పనిలో సిరా లేదు, గాజుపలక మీద వేలు పెడితే కంప్యూటరే ముద్ర తీసుకుంటుంది. అయినా ఆ వాసన తగిలేసరికి పుత్తూరు రిజిస్ట్రాఫీసు సందు, ఆ సందులో మా రేకుల షెడ్డు, ముక్కు మీదికి జారిన కళ్ళద్దాలతో మునిరత్నం సారు, అన్నీ కళ్ళ ముందుకు వచ్చేశాయి. నేను దస్తావేజు లేఖరిని. ఇళ్ళ అమ్మకాలు, భాగపంపకాలు, బాడుగ పత్రాలు రాసి బతుకుతున్నాను. ఈ పని నాకు నేర్పింది ఆయనే.

తొంభైల మొదట్లో తిరుపతిలో డిగ్రీ చదివి, టైపు కూడా పాసై, ఉద్యోగం రాక ఇంట్లో అందరి మీదా చిరాకు పడుతూ ఉండేదాన్ని. నా నోటికి జడిసే మా నాయన నన్ను సారు దగ్గరికి తీసుకుపోయాడనుకుంటాను. తీరా అక్కడికి పోయాక ఆయనే వెనకాడి, ఆడపిల్ల మగవాళ్ళు తిరిగే సందులో కూర్చుంటే ఏం బాగుంటుందని నసిగాడు. సారు తలెత్తకుండానే, "దస్తూరి బాగుంటే సాలప్పా. కూర్చునే చోటు నేను సూసుకుంటాలే," అన్నాడు. మరుసటి రోజు తన బల్ల పక్కనే నాకో బల్ల వేయించాడు.

భూమి కాగితంలో నాలుగు పక్కలా ఎవరెవరి స్థలాలున్నాయో రాసే భాగాన్ని మా వైపు చెక్కుబందీ అంటాం. దాన్ని పాత దస్తావేజు చూసి ఎత్తి రాసేయడం మా వృత్తిలో అందరికీ ఉన్న అలవాటు. అందుకే పోయి ముప్పై ఏండ్లయినవాళ్ళు కూడా మా కాగితాల్లో ఏదో ఒక దిక్కున నిలబడే ఉంటారు. నేను రాసిన మొదటి దస్తావేజు చూసి సారు, "ఈ పడమర పక్క గంగన్న అని రాసినావే, పోయి పిల్చుకోని రా," అన్నాడు. మిట్టమధ్యాహ్నం ఎండలో పోయి వచ్చాను. గంగన్న ఎప్పుడో పోయాడట, అక్కడ సైకిలు షాపు ఉందని చెప్పాను.

"మరి సచ్చినాయన్ని యాల నిలబెట్టినావు ఆడ? ఇప్పుడు ఎవరుండారో వాళ్ళ పేరు రాయి."

కోపంతో ఆ పూట ఆయనతో మాట్లాడలేదు. కానీ అప్పటి నుంచీ స్థలం కళ్ళతో చూడకుండా ఒక్క చెక్కుబందీ కూడా రాయలేదు.

సారు పొద్దున పూట టిఫిను సెల్వమ్మ అంగడిలోనే. నేతగాళ్ళ వీధి మొగలో చిన్న పెంకుల కొట్టు. శ్రీలంకలో యుద్ధం జరుగుతుంటే పడవెక్కి వచ్చిన మనిషి ఆమె. భర్త ఏమయ్యాడో తెలియదు. పుత్తూరులో చుట్టాలున్నారని వస్తే, ఆ చుట్టాలు అంతకు ముందే ఊరు వదిలేశారు. ఆమె ఇక్కడే ఉండిపోయి బియ్యప్పిండి సేవలాంటి ఇడియాప్పం, ఎర్రటి కొబ్బరి పచ్చడి చేసి అమ్మసాగింది. అందరూ దాన్ని కొలంబో అంగడి అనేవాళ్ళు. తాను కొలంబో మొహమే చూడలేదని కొన్నాళ్ళు చెప్పి చెప్పి, ఇక ఊరుకుంది. ఆమె దగ్గర ఏ దేశపు కాగితమూ లేదు.

నేను చేరడానికి చాలా ముందే, ఒంటి మీది బంగారం అమ్మి ఆమె ఆ కొట్టు స్థలం కొనుక్కుంది. కొనుక్కుంది అంటున్నాను గానీ, చట్టం ప్రకారం కొనడానికి లేదు. పరదేశి మనిషి, అందులోనూ ఇక్కడ ఉండటానికే అనుమతి లేని మనిషి, రిజర్వు బ్యాంకు ఒప్పుకోలు లేకుండా ఇక్కడ స్థలం తన పేర పెట్టుకోకూడదు. సారు ఆ మాట చెప్పాడు. అప్పుడు పక్క వీధి కాంతమ్మ, సెల్వమ్మను చెల్లెలిలా చూసుకునే నేతగాళ్ళ ఇల్లాలు, "నా పేరుతో రాయండి సారూ, ఆ స్థలం నాది కాదని నాకు తెలీదా," అందట. మా వైపు ఇలా నమ్మకం మీద ఒకరి స్థలం ఇంకొకరి పేర రాయడం ఊరూరా ఉంది. జాలిపడి సారు రాసేశాడు, కాగితం ప్రకారం సెల్వమ్మకు ఏ హక్కూ మిగలదని మాత్రం ఆమెకు విప్పి చెప్పలేదు. సెల్వమ్మకు తమిళం తప్ప చదవడం రాదు. "అంతా సరిగ్గానే ఉండాదమ్మా" అని ఆయన చెబితే నమ్మింది.

నేను చేరిన నాలుగో ఏడు కాంతమ్మ పోయింది. ఏడాది తిరగకముందే ఆమె కొడుకు శేఖర్ చంద్రగిరి నుంచి ఒకాయన్ని వెంటబెట్టుకుని మా షెడ్డుకు వచ్చాడు. కొట్టు స్థలం ఆయనకు అమ్ముతున్నానని, దస్తావేజు రాయమని అడిగాడు. తల్లి పేర ఉన్న కాగితం అతని చేతిలో ఉంది. సెల్వమ్మకు అదొక్కటే ఇల్లు, అదే బతుకుతెరువు. కోర్టుకు పోదామన్నా, నువ్వెవరు అని అడిగితే చూపడానికి ఏమీ లేని మనిషి.

సారు కళ్ళద్దాలు తుడుచుకుని, "రాస్తానప్పా. ముందు స్థలం సూసి వద్దాం పాండి," అని లేచాడు. నాతో, చుట్టుపక్కల ఇళ్ళకు మేము రాసిన దస్తావేజుల నకళ్ళు వెతికి తెమ్మన్నాడు. ఆ ఏండ్లలో ఆ కొట్టుకు మూడు పక్కలా ఇళ్ళు అమ్మకాలో, పంపకాలో జరిగి ఉన్నాయి. నాలుగో పక్క వీధి. మూడు నకళ్ళూ దొరికాయి.

కొట్టు ముందర నిలబెట్టి ఒక్కొక్కటే నాతో చదివించాడు. ఉత్తరం ఇంటి కాగితంలో దక్షిణాన, "సెల్వమ్మ కొట్టు కట్టుకొని, కాపురముండి అంగడి నడుపుకొనుచున్న స్థలము." తూర్పు ఇంటి కాగితంలో పడమరన, అదే మాట. దక్షిణం ఇంటి కాగితంలోనూ అదే. సెల్వమ్మ లోపల పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి, ఏం జరుగుతోందో తెలియక గరిటె పట్టుకుని చూస్తోంది.

చంద్రగిరి ఆయన మొహం మాడిపోయింది. "కాగితం ఒకరిది, కాపురం ఇంకొకరిదా? నాకొద్దు సామీ ఈ తగులాట," అని మోటారు సైకిలెక్కాడు.

శేఖర్ మండిపడ్డాడు. "నువ్వు రాసిన కాగితమే గదా సారూ మాయమ్మ పేరు మీద ఉండేది? ఇప్పుడు కాదంటావా?"

"కాదనలా. స్థలం నీదే, కాగితం అదే సెప్తాది. అబద్ధం రాసింది నేను. కొనే మనిషి దగ్గిర దాసిపెట్టి ఇంకో అబద్ధం రాయమంటే మాత్రం నాతో కాదు." ఆ తర్వాత గొంతు తగ్గించి, "మీయమ్మ ఉండింటే ఏమనుండునో నువ్వే సెప్పు," అన్నాడు. చిన్నప్పుడు బడికి పోయే ముందు ఆ కొట్టులో తిని పెరిగినవాడే శేఖర్. నాకు అతని మీద కోపం ఎంత ఉన్నా, అతని మొహం చూసి ఆ పూటకు తిట్టలేకపోయాను.

పరదేశీయులు కొనకూడదు గానీ, ఐదేండ్లకు మించకుండా బాడుగకు తీసుకోవచ్చు. సారు పట్టుకున్నది ఆ ఒక్క దారినే. శేఖర్ ఇంటికి నాలుగైదుసార్లు నడిచి ఒప్పించాడు. సెల్వమ్మను ఒప్పించడమే కష్టమైంది. ఈసారి దొంగచాటు వద్దు, ముందు ప్రభుత్వం దగ్గర పేరు రాయించుకోవాలన్నాడు. "నన్ను కాందిశీకుల క్యాంపుకు తోలేస్తారు సారూ, నేను పోను," అని ఆమె ఏడ్చింది. ఆయన తన పని మానుకుని ఆమెను చిత్తూరు ఆఫీసుల చుట్టూ తిప్పాడు. ఎన్నిసార్లు తిరిగారో నాకు లెక్క లేదు. పుత్తూరులోనే ఉండవచ్చని కాగితం వచ్చాకే నన్ను బాడుగ పత్రం రాయమన్నాడు.

సంతకాల ముందు అందరి ఎదుటా చదవాలి. చదువుతూ చదువుతూ, "సదరు స్థలముపై బాడుగదారుకు ఎట్టి యాజమాన్యపు హక్కూ లేదు" అన్న చోటికి వచ్చేసరికి నా గొంతు దానంతటదే కిందికి దిగిపోయింది. ఆమె బంగారంతో కొన్న స్థలం గురించి ఆమె ముందే ఆ మాట చదవాలంటే నాకు నోరు రాలేదు.

"గట్టిగా సదువు పాపా," అన్నాడు సారు. "ఆ పొద్దు నేను మెత్తగా సెప్పబట్టే ఈమెకు ఈ గతి పట్టింది. తమిళంలో కూడా సెప్పు."

మా పుత్తూరు మనుషులకు తమిళం కొత్త కాదు, రెండు భాషల్లోనూ చెప్పాను. సెల్వమ్మ తల వంచుకుని విని, "అయితే నా పేరు యాడా లేదా సారూ?" అని అడిగింది.

"సొంతదారని యాడా లేదమ్మా. పక్క ఇండ్లోళ్ళ కాగితాల్లో మాత్రం ఉండాది."

ఆ మూడు వాక్యాలు తనకు చదివి వినిపించమంది. చదివాను. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, "ఈ దేశానికి వచ్చినప్పట్నించి నన్ను ఎవరు రాసుకున్నా పరదేశి అనే రాసుకున్నారు. మీరు పక్కింటామె అని రాసినారు గదా," అంది. శేఖర్ పెన్ను కోసం చెయ్యి చాపాడు. సారు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టి, అటు తిరిగి కూర్చున్నాడు.

ఆయన పోయి చాలా ఏండ్లయింది. షెడ్డు నా పేర ఉంది. ఐదేండ్లకొకసారి శేఖర్, సెల్వమ్మ వచ్చి నా ముందు కూర్చుంటారు. అదే పత్రం మళ్ళీ రాస్తాను, మళ్ళీ చదువుతాను. చేయలేని పనిని చేయలేనని మొహం మీద చెప్పి, చేయగలిగినదాని కోసం చెప్పులరిగేలా తిరగడం నేను ఆయన దగ్గర నేర్చుకున్నాను. తిరగడం నాకు బాగానే వచ్చింది. చెప్పడమే ఇప్పటికీ కష్టంగా ఉంది. ఆ వాక్యం దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ నా గొంతు తగ్గిపోతుంది. అప్పుడు సెల్వమ్మే నా చేతి మీద చెయ్యి వేసి, "గట్టిగా సదువు పాపా," అంటుంది. గట్టిగా చదువుతాను.