నీలం గింజల డబ్బా

నా చిన్నప్పుడు మా ఊళ్ళో కెమెరా ఉన్న ఆడమనిషి మా మేనత్త ఒక్కర్తే. తణుకులో సైన్సు టీచరు. సెలవులకు ఇంటికొస్తే మెళ్ళో కెమెరా, చుట్టూ మేము. అబ్బో, ఆ దర్జా ఏం చెప్పను!

ఒక వేసవిలో తిరిగి వెళ్తూ ఆ కెమెరాను మా నాయనమ్మకు అప్పగించింది. విలువైన వస్తువంటే మూటకట్టి దాచడమే నాయనమ్మకు తెలుసు. తోలు కేసుతో సహా పట్టుగుడ్డలో చుట్టి, తన చీరల అడుగున పెట్టి తాళం వేసింది. ఆ ఏడు వానలు తెరిపి లేకుండా కురిశాయి. మా డెల్టాలో వానాకాలం జాడీలో ఉప్పు కూడా నీరుకారిపోతుంది.

దసరాకు అత్త వచ్చి లెన్సును వెలుతురుకు పెట్టి చూసింది. లోపల సాలెగూడులా బూజు.

“నా చేతులారా పాడుచేశానే తల్లీ!” అంటూ నాయనమ్మ కూలబడిపోయింది.

అత్త పల్లెత్తు మాట అనలేదు. రాజమండ్రిలో కెమెరాలు బాగుచేసే ఆయనచేత బూజు తుడిపించుకొచ్చింది. ఇంకోసారి పడితే అద్దాన్నే తినేస్తుందని, అప్పుడిక కెమెరా మీద ఆశ వదులుకోవాల్సిందేనని ఆయన చెప్పాడట. అది వినగానే, “ఇహ దాని జోలికి నేను రానమ్మా” అని నాయనమ్మ చేతులు వెనక్కి తీసుకుంది.

అత్త ఊరుకుంటేగా! గట్టి మూత ఉన్న రేకు డబ్బా, గుడ్డసంచిలో నీలం గింజలు తెచ్చింది. చెమ్మ పీల్చితే అవి గులాబీ రంగుకు తిరుగుతాయి, వేయిస్తే మళ్ళీ నీలం. తోలు కేసు చెమ్మను పట్టి ఉంచుతుంది కాబట్టి వద్దంది. అప్పుడప్పుడు బయటికి తీసి గాలి, వెలుతురు తగలనివ్వమంది. అంతా చెప్పి, కెమెరాతో సహా డబ్బాను నాయనమ్మ ఒళ్ళోనే పెట్టింది.

“నీకంటే జాగ్రత్తగా చూసేవాళ్ళు ఈ ఇంట్లో ఎవరున్నారమ్మా? నీ దగ్గరే ఉండనీ.”

నాయనమ్మ కళ్ళు తుడుచుకుంది. ఆ గింజలకని ఒక మూకుడు విడిగా పెట్టి, దాన్ని వంటకు ముట్టనిచ్చేది కాదు. ముసురు పట్టిందంటే చాలు, “రంగు తిరిగిందేమో చూడండర్రా!” అని మా ప్రాణం తీసేది. మరుసటి ఏడు వానలు వెళ్ళాక లెన్సు తళతళలాడింది. అత్త తీసిన మొదటి ఫొటో నాయనమ్మదే. ఒళ్ళో డబ్బా, మొహం నిండా గర్వం.

మొన్న వానల్లో నా మనవరాలు భద్రమనుకుని నా హార్మోనియానికి ప్లాస్టిక్ కవరు బిగించి కట్టింది. లోపల చెమ్మ పట్టి మెట్లు కదల్లేదు. పిల్ల తలెత్తలేదు. నాకు కోపం నోటిదాకా వచ్చింది. ఎదురుగా గోడమీద నాయనమ్మ ఫొటో. హార్మోనియాన్ని బాగుచేయించి తెచ్చి, దాని పెట్టె తాళంచెవి పిల్ల చేతిలోనే పెట్టాను.