నాలుగో సంతకం

మా కంపెనీకి హైటెక్ సిటీలో రెండు భవనాలు, రెండు బాస్కెట్‌బాల్ జట్లు. నేను పాత భవనం జట్టుకు కెప్టెన్ని. మా ఐదుగురం ఆరేళ్లుగా కలిసి ఆడుతున్నాం. వారానికి మూడు పొద్దులు పుప్పాలగూడలో గంటల లెక్కన అద్దెకిచ్చే కోర్టులో ఆడి, బయట బండి దగ్గర ఇడ్లీ తిని, ఆఫీసుకు పోయి స్నానం చేసేవాళ్లం. కంపెనీల మధ్య పోటీల్లో రెండేళ్లు వరసగా సెమీఫైనల్లో ఓడాం. మూడో ఏడు పోటీలకు ముందు మాలో ఒకటే చర్చ. ఈ ఐదుగురమే ఉండాలా, ఒకరిని కొత్త భవనం జట్టుకిచ్చి అక్కడున్న ఇరవై మూడేళ్ల కుర్రాణ్ణి తెచ్చుకోవాలా?

పైకి నేను పాతవాళ్లే ఉండాలన్న పక్షం. ఒకడి పాస్ ఎటు వస్తుందో ఇంకొకడికి చూడకుండానే తెలిసే జట్టును చేతులారా చెడగొట్టుకుంటామా అని గట్టిగా వాదించేవాణ్ణి. నిజానికి నా భయం వేరు. నాకు ముప్పై తొమ్మిదేళ్లు. ఐదుగురిలో పెద్దవాణ్ణి, అందరికంటే ముందు ఆయాసపడేవాణ్ణి. ఎవరినైనా పంపాల్సి వస్తే ఆ ఒక్కడు నేనే. అవతలి జట్టులో నన్ను ఆడించరు, పక్కన కూర్చోబెడతారు. ఈ వయసులో అలా ఒక ఏడాది కూర్చుంటే నా ఆట అక్కడితో సరి.

నాకు అనుమానం కొంచెం ఎక్కువే. "పాలాయన నవ్వినా సరే, నీళ్లు కలిపిండనుకుంటవు" అని మా ఆవిడ ఎగతాళి చేస్తుంది. పదిహేనేళ్ల ఐటీ ఉద్యోగం ఆ గుణాన్ని ఇంకా పెంచింది. ఇక్కడ మనిషిని తీసేసే ముందు ఎవరూ కోపంగా ఉండరు. ఉన్నట్టుండి మర్యాద పెరుగుతుంది, పలకరింపులు పెరుగుతాయి, క్యాలెండర్‌లో పేరులేని మీటింగ్ ఒకటి పుడుతుంది. ఇలా నా కళ్లముందు ముగ్గురు పోయారు.

ఆ వారం మా జట్టు షూటర్, దూరం నుంచి బంతి బుట్టలో వేసేవాడు, లిఫ్టులో కలిశాడు. కోస్తా నుంచి వచ్చినవాడు, మాటకు ముందు నవ్వుతాడు. "ఒంట్లో బాగుంటోందా అండీ?" అని అడిగాడు. నాకు జలుబు కూడా లేదు. నేరుగా నా సీటుకు పోయి జట్టులో నలుగురి క్యాలెండర్లూ తెరిచాను. నలుగురివీ నాలుగు వేరువేరు ప్రాజెక్టులు. గురువారం మూడింటికి నలుగురూ బిజీ.

గురువారం మూడింటికి నీళ్ల సీసా పట్టుకుని మా అంతస్తు మీటింగ్ గదుల ముందు నడిచాను. ఆ గదుల అద్దాలకు మధ్యలో తెల్లటి పొర అంటించి ఉంటుంది. లోపలివాళ్ల మొహాలు కనబడవు, కింద బూట్లు మాత్రం కనబడతాయి. చివరి గదిలో నాలుగు జతలున్నాయి. మూడు జతలు బల్ల కింద కుదురుగా ఉన్నాయి. నాలుగో జత మా సెంటర్‌ది, ఆ సైజు మా భవనంలోనే ఇంకెవరికీ లేదు. అతను నిలబడి ఉన్నాడు. గొంతు వినబడుతోంది కానీ మాటలు తెలియడం లేదు. నిలబడి మాట్లాడేవాడే అంతా నడిపిస్తున్నాడని తేల్చేశాను.

సెంటర్ అంటే బుట్ట కింద నిలబడి, తప్పిన బంతులన్నీ అందుకునేవాడు. మావాడిది చందానగర్. నెమ్మదైన మనిషి, నన్ను అన్నా అంటాడు. నా ఇల్లు దారిలోనే కాబట్టి ఆట ఉన్న ప్రతి పొద్దునా తన బండి మీద ఎక్కించుకుని వచ్చేవాడు. శుక్రవారం పొద్దున రాలేదు. "పనుంది అన్నా, ఆటోల రా" అని మెసేజ్ పెట్టాడు. కోర్టులో నా మొహం చూడలేదు. ఇడ్లీ తినకుండానే వెళ్లిపోయాడు. నాకు ఒళ్లు మండింది. మిగతా ముగ్గురూ ఎంతో ప్రేమగా మాట్లాడుతుంటే, పాపం వీళ్లను కూడా వాడే ఆడిస్తున్నాడని జాలిపడ్డాను. మర్యాద గురించి నాకున్న తెలివంతా ఆ పొద్దున ఎటు పోయిందో.

మా దగ్గర మార్పిడికి ఒక పద్ధతి ఉంది. ఇద్దరు కెప్టెన్లూ ఒప్పుకుని షీట్లో పేర్లు మార్చి పంపితే చాలు, క్రీడా కమిటీ పేరుతో మెయిల్ వస్తుంది. ఎవరు మార్చారో అందులో ఉండదు. కెప్టెన్‌నే పంపాలంటే మాత్రం జట్టులో మిగతా నలుగురూ సంతకం పెట్టాలి. వాళ్ల సంతకాలు పూర్తయ్యేలోపు నేనే ఒక అడుగు ముందుండాలనుకున్నాను. ఆ మధ్యాహ్నమే అవతలి కెప్టెన్‌కు ఫోన్ చేసి, సెంటర్‌ను ఇస్తాను, కుర్రాణ్ణి ఇవ్వమన్నాను.

"గంత ఎత్తు మనిషిని ఊకెనే ఇస్తవా? ఏంది కథ?" అన్నాడు. అతనికి నామీద అనుమానం. కథేమీ లేదన్నాను.

సాయంత్రానికి మెయిల్ వచ్చింది. రెండు జట్ల బలం సమానంగా ఉండడం కోసం ఈ మార్పు అని రాశారు. మా గ్రూపులో అందరికంటే ముందు "అయ్యో" అని పెట్టింది నేనే. "కమిటీ నిర్ణయం కదండీ, ఏం చేస్తాం" అని షూటర్ వెంటనే రాశాడు. మిగతా ఇద్దరూ బొటనవేలు పైకెత్తిన బొమ్మ పెట్టారు. ఆరేళ్లు కలిసి ఆడినవాడు పోతే ఇంత తొందరగా ఎలా సర్దుకున్నారా అని అప్పుడు మొదటిసారి గుబులు పుట్టింది.

సోమవారం కొత్త కుర్రాడు వచ్చాడు. బాగా ఆడాడు. మా తర్వాతి గంట అవతలి జట్టుది. నేను బయట బెంచీ మీద లేసులు విప్పుకుంటుంటే సెంటర్ వచ్చి పక్కన కూర్చున్నాడు.

"నీ మనసు ఖరాబైతదని చెప్పలే అన్నా," అన్నాడు. "గురువారం వాళ్లు ముగ్గురు నన్ను మీటింగ్‌కు పిలిచిన్రు. నిన్ను అటు పంపుదమన్నరు. ముగ్గురు సంతకాలు పెట్టిన కాగితం నా ముంగట పెట్టిన్రు. నేను కూసోను గూడ కూసోలే. అన్న లేని జట్టుల నేను ఆడనని చెప్పి బయటికొచ్చిన."

నేను లేసు పట్టుకునే ఉన్నాను.

"తెల్లారి నీ మొకం చూడబుద్ధి గాలే. గా ముచ్చట కడుపుల పెట్టుకొని నీ పక్కన ఇడ్లీ ఎట్ల తింట? నేను సంతకం పెట్టలేదని కమిటీల ఎవరితోనో చెప్పి నన్నే ఎల్లగొట్టిన్రు."

కోర్టులో మావాళ్లు ముగ్గురూ కొత్త కుర్రాడి భుజం తట్టి ఏదో చెబుతున్నారు. అతను నవ్వుతూ తలూపుతున్నాడు. నేనెవరో అతనికి సరిగ్గా తెలియదు. ఆ కాగితం ముందు పెడితే ఎందుకని కూడా అడగకుండా సంతకం పెట్టేస్తాడు.

"జర పైలం అన్నా," అన్నాడు సెంటర్. "ఇగ వాళ్లకు అడ్డం ఎవరు లేరు."

నాకు చచ్చేంత సిగ్గేసింది. నేనే పంపానని చెప్పేయాలనుకున్నాను. నోట్లోంచి ఇంకోటి వచ్చింది.

"నిన్ను పంపిందెవరో నేను కనుక్కుంట తమ్మీ," అన్నాను.

"వద్దన్నా. నా కోసం నువ్వు లొల్లి పెట్టుకోకు," అని నా భుజం నొక్కి, కొత్త జట్టు దగ్గరికి వెళ్లాడు.